ఆవు గుర్తుపట్టిన చీర

నేను మొదటిసారి చీర కట్టుకున్నది మా కొట్టంలో, తెల్లవారి ఐదు గంటలకు, లుంగీ మీద. అప్పటికి రెండు రోజులుగా నా భార్య తిరుపతిలో ఆసుపత్రిలో ఉంది. ఎడమ రొమ్ము తీసేశారు. తోడుగా మా అక్క ఉండిపోయింది. ఇంట్లో నేనూ, ఆవూ, మూడు నెలల దూడా మిగిలాం.

ఆ రెండు రోజులూ ఆవు నాకు పాలు చేపలేదు. చేపడమంటే ఆవు తనంతట తాను పొదుగులోకి పాలు వదలడం. అది దాని ఇష్టం మీద జరగాలి, మన బలం మీద కాదు. దూడను విడిస్తే దానికి కొంచెం వదిలేది, నా చెయ్యి పడగానే బిగబట్టేది. పొదుగు గట్టిపడింది. పాలు నిలిస్తే పొదుగు చెడుతుంది. ఏం చెయ్యాలో తోచక ఫోన్ చేశాను. అక్క ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టింది. మత్తు పూర్తిగా దిగని గొంతుతో ఆమె అడిగిన మొదటి మాట, "సేపిందా?"

లేదన్నాను.

"దండెం మీద నా సీర ఉంటాది సూడు మామా, వంకాయ రంగుది. ఉతికింది కాదు, విడిసింది. అది సుట్టుకోని పో. నోరు మాత్రం తెరవద్దు. నీ గొంతు ఇంటే తంతాది."

ఆమె ఆ అక్క కూతురే. మా వైపు అక్క కూతురిని చేసుకోవడం మామూలే. అందుకే పెళ్లయి ఇరవై ఏడేళ్లయినా నన్ను మామా అనే పిలిచేది. మగవాడు చీర కట్టుకుని పాలు పితకడం కూడా మా వైపు వింత కాదు. ఒకే చేతికి అలవాటుపడిన ఆవు ఉన్న ఇంట్లో, ఆ మనిషి పురుడుకో పెళ్లికో పోతే మిగిలినవాళ్లు ఆమె విడిచిన చీర చుట్టుకుని కొట్టంలోకి పోతారు. అట్లా పోయినవాళ్లను చూసి నేను నవ్వాను కూడా.

కొంగు తల మీదుగా లాక్కుని, మాట్లాడకుండా పోయి కూర్చున్నాను. ఆవు తల తిప్పి కొంగును వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మళ్లీ గాడి వైపు తిరిగి గడ్డి నమలడం మొదలుపెట్టింది. నా వేళ్ల కింద పొదుగు మెత్తబడి, బకెట్లో మొదటి ధార చప్పుడయింది. ఆ చప్పుడుకు నాకు ఏడుపొచ్చింది. నోరు తెరవకూడదు కాబట్టి అట్లాగే పితికాను.

నా గురించి కొంత చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నేను పదో తరగతి లెక్కల్లో తప్పినవాణ్ణి. మాకు ఎకరంన్నర చెరుకూ, ఒక ఆవూ ఉండేవి. కానీ మా మండలంలోని శాఖా గ్రంథాలయంలో నేను చదవని తెలుగు పుస్తకం లేదనుకునేవాణ్ణి. చరిత్ర, నక్షత్రాలు, చట్టాలు, నేలలు, పురుగులు, అన్నీ. ముప్పై ఏళ్లుగా వారానికి మూడు రోజులు సైకిల్ మీద పోయి చదువుకున్నాను. ఏ పుస్తకం ఏ బీరువాలో ఏ వరుసలో ఉందో తనకంటే నాకే బాగా తెలుసని గ్రంథాలయాధికారే నలుగురిలో అనేవారు. ఊళ్లో ఎవరికి కోర్టు కాగితం వచ్చినా, మందుసీసా మీద ఏం రాసిందో తెలియకపోయినా నా దగ్గరికే వచ్చేవాళ్లు. నేను కళ్లజోడు తుడుచుకుని, కొంచెం ఆలస్యం చేసి చెప్పేవాణ్ణి. ఆ ఆలస్యం నాకు ఇష్టం.

నా భార్యకు సంతకం వరకే వచ్చు. నాకు పుస్తకాలున్నట్టు ఆమెకు ఆ ఆవు ఉండేది. పెయ్యగా ఉన్నప్పుడు తెచ్చిన సీమావు అది. ఆమె తప్ప ఇంకొకరు పితికితే ఒప్పుకోదు. మంచి పాడి, పొగరు గుణం. పాలకేంద్రంలో మా పాల చిక్కదనం గురించి ఎవరైనా మాట్లాడితే ఆమె వినీ విననట్టు క్యాను మూత తుడిచేది. ఊరికి పోయినా సాయంత్రానికి తిరిగొచ్చేది. "అది నేను లేకపోతే సేపదు" అనేది, ఫిర్యాదు చేస్తున్నట్టు. అది ఫిర్యాదు కాదని మా ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడు ఆషాఢంలో ఆవు ఈనింది. శ్రావణంలో ఒక రోజు, గాడిలో తౌడు కలుపుతూ, ఆమె నాతో చెప్పింది. రొమ్ములో ఏదో గట్టిగా ఉంది, చింతగింజంత, నొప్పి లేదు.

అంతకు ముందు ఈతలో ఆవుకు పొదుగువాపు వచ్చింది. ఒక పక్క గట్టిపడి, పాలు విరిగినట్టు వచ్చాయి. పశువుల డాక్టరు ఊళ్లో లేడు. నేను గ్రంథాలయానికి పోయి పశువుల పెంపకం పుస్తకం తీశాను. కలబంద మట్ట, పసుపు, కొంచెం సున్నం కలిపి నూరితే ఎర్రటి ముద్ద అవుతుంది, అది రోజుకు కొన్నిసార్లు పొదుగుకు పూయాలని ఉంది. పూశాం. వారంలో తగ్గింది. ఊళ్లో ఇంకో మూడు ఇళ్లకు ఆ మందు నేనే నూరిచ్చాను. ఆ సంవత్సరం నేను నడిచే నడకే వేరు.

కాబట్టి ఆమె ఆ మాట చెప్పగానే నేను కళ్లజోడు తుడుచుకున్నాను. కొంచెం ఆలస్యం చేశాను. నొప్పి లేనిది పెద్ద జబ్బు కాదన్నాను. పాలగ్రంథులు ఆవుకైనా మనిషికైనా ఒకే తీరుగా ఉంటాయని, చెడునీరు చేరి గట్టిపడి ఉంటుందని చెప్పాను. పెరట్లో కలబంద నేనే కోసుకొచ్చి, నేనే నూరిచ్చాను. ఆమె నన్ను ప్రశ్న అడగలేదు. పూసుకుంది. చర్మం ఎర్రబడి మంట పుడితే, లోపలి చెడు బయటికి లాగుతోందన్నాను. ఆరు వారాలు పూసుకుంది. వినాయక చవితి కూడా దాటింది. ఒక సాయంత్రం ఆమె రవిక మార్చుకుంటుండగా చూశాను, చనుమొన లోపలికి గుంజుకుపోయి ఉంది. ఆ మర్నాడు తిరుపతి బస్సెక్కాం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నామె, మా కూతురి ఈడు ఉంటుంది. పరీక్షిస్తూ చర్మం మీది మచ్చలు చూసి, ఇక్కడ ఏం పూశారని అడిగింది. నేను పక్కనే ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఏం పుయ్యలేదమ్మా. సున్నం డబ్బా పైన పడింది" అంది నా భార్య.

డాక్టరమ్మ నమ్మినట్టు లేదు, కానీ మళ్లీ అడగలేదు. బయటికొచ్చాక మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. బస్టాండులో ఆమె బత్తాయి తిందామంది. తిన్నాం.

ముక్క పరీక్ష కాగితం వచ్చాక, డాక్టరమ్మ చెప్పినదంతా విన్నాక కూడా, నేను ఆ కాగితం పట్టుకుని గ్రంథాలయానికి పోయాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటా చూసుకున్నాను. పిచ్చి పని. కానీ నాకు వచ్చిన పని అదొక్కటే. తర్వాత ఆరోగ్యం పుస్తకాల కోసం వెతికాను. పశువుల పుస్తకాలు మూడో వరుసలో ఉంటాయి. ఆరోగ్యం పుస్తకాలు నాలుగో వరుసలో, సరిగ్గా దాని కిందే. అందులో ఆడవాళ్ల జబ్బుల గురించి ఒక పుస్తకం ఉంది. నొప్పి లేని గట్టి గడ్డను ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలని, నొప్పి లేకపోవడమే అనుమానించాల్సిన సంగతని అందులో తేలిక తెలుగులో రాసి ఉంది. దాన్ని నేను చదవలేదు. ఆడవాళ్ల పుస్తకమని వదిలేశాను. పశువుల పుస్తకం తీసిన రోజు వంగి ఉంటే సరిపోయేది. ఒక్క వరుస కిందికి వంగలేదు నేను.

ఇంటికొచ్చి ఈ సంగతి ఆమెకు చెప్పాలనుకున్నాను. ఆపరేషన్ అయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత ఇంకెప్పుడో అనుకున్నాను.

చీర సంగతికి వస్తాను. మొదటి వారంలోనే ఒక రోజు తొందరలో చీర విప్పకుండా, లుంగీ మీద అట్లాగే చుట్టుకుని పాలకేంద్రానికి పోయాను. వరుసలో ఉన్నవాళ్లు కాసేపు ఊరకున్నారు. అందరికీ మా ఇంటి సంగతి తెలుసు. చివరికి మా పక్క పొలం ఆయన ఆగలేకపోయాడు. "ఏమప్పా, అంతా బాగానే ఉండాది, రవిక మరిసిపోయొచ్చినట్టుండావే" అన్నాడు. నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఎన్నాళ్లయిందో అనిపించింది.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రికి పోయి ఆమెకు చెప్పాను. కట్టు మీద చెయ్యి అదుముకుని నవ్వింది. "సగం రవిక నేనిస్తాలే మామా. నాకింక సగంతోనే గదా పని" అంది. అక్క లేచి వరండాలోకి వెళ్లిపోయింది. చాలాసేపటికి గానీ రాలేదు, వచ్చినప్పుడు మొహం కడుక్కుని వచ్చింది.

తర్వాత కీమో సూదులు మొదలయ్యాయి. మూడు వారాలకొకటి, మొత్తం ఆరు. రక్తం బలహీనపడుతుంది, అంటురోగాలు సోకుతాయి, కొట్టం దగ్గరికి అసలు పోకూడదని నర్సులు చెప్పారు. ఇల్లు శుభ్రంగా ఉండాలన్నారు. ఆ మాట అక్క మనసులో నాటుకుపోయింది. కూతురి కోసం తాను చెయ్యగలిగింది అదొక్కటే అన్నట్టు ఇల్లంతా కడిగింది. దుప్పట్లు, తలగడ గలీబులు, దండెం మీది బట్టలు, పెట్టెలోవి కూడా తీసి వేడి నీళ్లలో ఆసుపత్రి మందు వేసి ఉడికించి ఆరేసింది. అందులో వంకాయ రంగు చీర కూడా ఉంది.

మర్నాడు తెల్లవారి ఆ చీర కట్టుకుని పోతే ఆవు ఒకసారి వాసన చూసి, వెనక కాలు ఝాడించింది. బకెట్ దొర్లిపోయింది. నేను ఇంట్లోకొచ్చి అక్క మీద కేకలు వేశాను. జీవితంలో ఆమె మీద కేకలు వేసింది అదే మొదలు. ఆమె నాకంటే పదేళ్లు పెద్దది, నన్ను ఎత్తుకుని పెంచింది. తడి చేతులు చీరకు తుడుచుకుంటూ నిలబడింది. ఆ చేతులు మందునీళ్లకు పొట్టు లేచి ఉన్నాయి.

లోపల మంచం మీంచి నా భార్య పిలిచింది. "కొట్టం సూర్లో ఇంకోటి దోపిండాది. ఆకుపచ్చది. పేడ తీసేటప్పుడు పైన సుట్టుకుంటా గదా, అది. దాన్నన్నా ఉతకనీకుండా పెట్టుకో మామా" అంది.

చూరులో దొరికింది. పాలు, పేడ, చెమట, ఆమె తలకు పెట్టుకునే ఆముదం, అన్నీ కలిసిన వాసన. నాకే తల తిరిగింది. ఎందుకంటే ఇంట్లో ఆమె దగ్గర ఆ వాసన పోయి చాలా రోజులయింది. ఆమె దగ్గర ఇప్పుడు ఇనుము నానినట్టు ఏదో మందు వాసన. ఆమెకే పాల వాసన పడడం లేదు. పొయ్యి మీద పాలు పొంగితే చెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ముప్పై ఏళ్లు పాలల్లో చేతులు పెట్టిన మనిషి. ఆకుపచ్చ చీరను నేను ఎక్కడా ఆరెయ్యలేదు, అక్కకు కనపడనివ్వలేదు. పొద్దున, సాయంత్రం కట్టుకోవడం, విప్పి ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి చూరులో దోపడం. పాలు పితికాక ఆ చీరతోనే గడప దాకా వచ్చి, దూరం నుంచే బకెట్ ఆమెకు చూపించేవాణ్ణి. "సేపిందా?" అనేది. చేపిందనేవాణ్ణి. బకెట్లో నురుగు ఎంత ఉందో చూసి తల తిప్పుకునేది.

ఆ రోజుల్లో నేను ఎట్లా ఉన్నానని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తిన్నాను, తిరిగాను. బస్సులో ఆమె కిటికీ పక్కన, ఆమె ఒళ్లో నిమ్మకాయ, నా చేతిలో వాంతికి కవరు. నోరంతా పుండ్లు పడితే మజ్జిగ చెంచాతో పోశాను. మా కూతురు సూళ్లూరుపేట దగ్గర కంపెనీలో పని చేస్తుంది, ఆదివారాలు వచ్చి వాళ్లమ్మ కాళ్ల దగ్గర కూర్చుని సాయంత్రం బండికి పోయేది. వాళ్లిద్దరూ నవ్వుకుంటుంటే నేను పెరట్లోకి పోయి ఊరికే నిలబడేవాణ్ణి.

ఒక్కటి మాత్రం చెప్పాలి. చదవడం పోయింది. ముప్పై ఏళ్ల అలవాటు. అక్షరాలు కనపడేవి, వాక్యం పట్టుబడేది కాదు. అయినా గ్రంథాలయానికి పోయి కూర్చునేవాణ్ణి. గ్రంథాలయాధికారి తిరుపతి నుంచి రోజూ రైల్లో వచ్చే వైష్ణవులు, నుదుట నామం, మితభాషి. ఒక రోజు నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"మీరు పోయిన మంగళవారం కూడా ఈ పేజీలోనే ఉన్నారు" అన్నారు.

నేను పుస్తకం మూశాను. ఆయన ఏదో ఓదార్పు చెబుతారనుకున్నాను. చెప్పలేదు. ఇక్కడికి రావడం మానొద్దు, చదవకపోయినా ఫర్వాలేదు, ఆ కుర్చీ మీదే అన్నారు. ఆ రోజుల్లో నాతో ఎవరైనా అన్న మంచి మాటల్లో అదొకటి. అయినా నేను రెండు వారాల తర్వాత పోవడం మానేశాను. నాలుగో వరుస ఎదురుగా కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఆరో సూది అయ్యాక, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవడానికి ముందు, కొన్ని రోజులు వ్యవధి ఇచ్చారు. రక్తం పరవాలేదన్నారు. మహాశివరాత్రి దాటిన వారం, ఆమె కొట్టంలోకి వస్తానంది. అక్క వద్దంది. నేను కూడా వద్దన్నాను. మా మాట వినలేదు. తలకు తుండు చుట్టుకుని, గోడ పట్టుకుని నడిచొచ్చింది. నాలుగు నెలల తర్వాత ఆవు ముందు నిలబడి, నాలుక చప్పుడు చేసింది, ఎప్పుడూ చేసే చప్పుడే. ఆవు చెవులు నిక్కించింది. ఆమె అరచెయ్యి చాపింది.

ఆవు వాసన చూసింది. గట్టిగా ఊపిరి వదిలి, పలుపు బిగుసుకునేంత వరకు వెనక్కి పోయింది.

ఆమె చెయ్యి అట్లాగే చాపి ఉంచింది. కాసేపటికి దించింది. నేను గుంజ పక్కన ఆకుపచ్చ చీరలో నిలబడి ఉన్నాను.

"నేను కాదంట" అంది నా వైపు చూడకుండా. తర్వాత, "నువ్వు రా మామా. పొద్దు పోతాండాది, పితుకు" అంది.

నేను పోయి కూర్చున్నాను. ఆవు నా కొంగు వాసన చూసి ముందుకొచ్చింది. చేపింది. ఆమె తిరగేసిన తొట్టి మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసింది. ఏడుస్తుందేమోనని నేను తల ఎత్తలేదు. ఏడవలేదు. కాసేపయ్యాక తప్పులు పట్టడం మొదలుపెట్టింది. ముందు ఎడమ పక్క వెనక చన్ను పట్టుకోవాలంట. బొటనవేలు మడవకూడదంట. మధ్యలో ఒకసారి ఆపి, పొదుగును దూడ పొడిచినట్టు మెల్లగా పొడవాలంట. తల దాని డొక్కకు ఆనించాలంట, అప్పుడది నీ ఊపిరి వింటుందంది. "ఇన్నాళ్లూ గుంజినావు మామా. పితకలా" అంది.

ఆ తర్వాత రోజూ వచ్చి దూరంగా తొట్టి మీద కూర్చునేది. ఇరవై ఏడేళ్లుగా నేను ఆ ఇంట్లో చెప్పేవాణ్ణి, ఆమె వినేది. ఆ పదిహేను రోజులు ఆమె చెప్పింది, నేను నేర్చుకున్నాను. నా చదువంతటిలో ఒక మనిషి ఎదురుగా కూర్చుని నేర్పింది అదొక్కటే.

కరెంటు పెట్టడం అయిపోయింది. ఎండలు ముదిరేసరికి నడుము నొప్పి అంది. మంచం మార్చాం, పరుపు మార్చాం. తర్వాత స్కానింగు తీశారు. డాక్టరమ్మ నన్నొక్కణ్ణే లోపలికి పిలిచింది. ఆమె వాడిన మాటలన్నీ నాకు తెలుసు. నిఘంటువులో చూసినవే. తెలియకపోతే బాగుండేది, ఆమె విడమర్చి చెప్పేంత వరకైనా కొంత సమయం ఉండేది. ఇక మందులు నొప్పికే అంది.

బస్సులో నా భార్య అడిగింది, యాడి దాకా పోయిందని.

"నడుములో ఉండాది."

"ఇంకా?"

"కాలేయంలో."

"అంటే?"

నేను పుస్తకం మాట వాడానని అప్పుడు తెలిసింది. "కార్జం" అన్నాను.

ఆమె కిటికీలోంచి చంద్రగిరి కొండ వైపు చూసింది. "ఆడికి పోతే పొట్టేలైనా బతకదు" అంది, పొట్టేలు గురించే మాట్లాడుతున్నట్టు. టిక్కెట్టు ఎక్కడ పెట్టావని అడిగింది. జేబులో ఉందన్నాను.

ఆ రాత్రి కాదు, ఆ మర్నాడు మధ్యాహ్నం, ఇంటి ముందు పంచలో ఆమె పడుకుని ఉండగా నేను చెప్పాను. నాలుగో వరుస సంగతి, ఆ పుస్తకం సంగతి, నేను వంగని సంగతి. నిన్ను నేనే ఇక్కడికి తెచ్చానన్నాను. తెలియక కాదు, తెలుసనుకుని తెచ్చానన్నాను. మాటలు సరిగా వచ్చి ఉండవు. అక్క లోపల గిన్నెలు తోముతోంది. తోమడం ఆగింది.

ఆమె ఇంటి వాసాల వైపు చూసింది.

"ఉగాదికే తగిలింది నా సేతికి" అంది. "ఆవు సూలుతో ఉన్నింది. నేను పోయి ఆస్పత్రిలో పండుకుంటే అది ఈనేటప్పుడు ఎవరుంటారు? ఈనినాక నీకు సెప్పినా. నీయి ఆరు వారాలు మామా. నాయి నాలుగు నెలలు."

అంతే అంది. నీళ్లడిగింది, తెచ్చిచ్చాను. లోపల గిన్నెల చప్పుడు మళ్లీ మొదలయింది.

ఇది నిజమేనా అని ఇప్పటికీ నాకు తెలియదు. నిజమే కావచ్చు. ఆ ఆవు కోసం ఆమె అంత పనీ చెయ్యగలదు. కానీ సున్నం డబ్బా పైన పడిందని డాక్టరమ్మతో ఇంతే నెమ్మదిగా చెప్పిన మనిషి కూడా ఆమే. నా కోసం చెప్పిందేమో. నిజమైతే నాలుగు నెలలు నా పక్కన పడుకుని ఒక్కతే మోసింది, పుస్తకాలు తిరగేసే నాకు కనపడలేదు. అబద్ధమైతే చచ్చిపోతూ కూడా నన్ను మోసింది. ఎట్లా చూసినా నా బరువు తగ్గలేదు. తగ్గిందని ఆమెతో అన్నాను.

తర్వాత రెండు నెలలు. ఆవు పాలు బాగా తగ్గాయి, మళ్లీ చూలు నిలవలేదు కాబట్టి పితుకుతూనే ఉన్నాను. ఆమె లేచి కూర్చోలేకపోయింది. నొప్పిమందు వేసిన కాసేపటికి కళ్లు మూతలు పడేవి. కానీ పొద్దున ఐదున్నరకు మాత్రం మెలకువగా ఉండేది. నేను చీరతో గడప దగ్గర నిలబడితే, "సేపిందా?" అనేది. ఇంకేదీ అడిగేది కాదు. తిండి గురించి కాదు, కూతురి పెళ్లి గురించి కాదు. ఆ ఆవు ఇంకా తన చీరకే పాలు చేపుతోందన్నది ఒక్కటే ఆమె పట్టుకుని ఉన్నది.

ఆషాఢం వచ్చింది. ఒక రోజు తెల్లవారుజామున నొప్పి ఎక్కువై ఆమెను పక్కకు తిప్పి, వీపు రాసి, నేను కొట్టంలోకి పోయేసరికి ఆలస్యమయింది. దూడ అరుస్తోంది. కూర్చుని, తల డొక్కకు ఆనించి, ఎడమ పక్క వెనక చన్ను పట్టుకున్నాను. ధార పడింది. బకెట్ సగం నిండాక గాని నాకు తెలియలేదు, చీర చూరులోనే ఉంది. నేను లుంగీ బనీనులో ఉన్నాను. ఆవు గడ్డి నములుతోంది. నా వైపు తిరిగి కూడా చూడలేదు.

ఆమె నేర్పినట్టు పితికాను. అందుకే చేపింది. ఆమె చేతిని నేను నేర్చుకున్నాను కాబట్టి ఆ చీర ఇక దానికి అక్కర లేదు.

పాలు పూర్తిగా పితికాను. లేచి, బకెట్ కింద పెట్టి, చూరులోంచి సంచి తీసి, ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. కొంగు తల మీదికి లాక్కున్నాను. అప్పుడు బకెట్ తీసుకుని ఇంట్లోకి పోయాను.

"సేపిందా?" అంది.

"సేపింది."

ఆ రోజు నన్ను దగ్గరికి రమ్మంది. ఇన్నాళ్లూ ఆ చీరతో గడప దాటి రాలేదు నేను, ఆ వాసన ఆమెకు పడదని. ఇక పడినా పడకపోయినా ఒకటేనంది. మంచం పక్కన కూర్చున్నాను. ఆమె కొంగు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవు లాగే, చాలాసేపు.

"దీంట్లో నేను యాడుండా మామా" అంది. "అంతా నీ సెమటే."

కొంగు వదిలేసింది. ఒకసారి నా మొహం చూసింది, బకెట్ వైపు చూసింది. బాగా పితికినావంది. తర్వాత గోడ వైపు తిరిగింది. తనంతట తాను తిరగలేని మనిషి, నేనే తిప్పాను.

మర్నాడు ఐదున్నరకు నేను చీర కట్టుకుని, బకెట్ పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. కళ్లు తెరిచే ఉంది. అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు. ఆమె పోయేదాకా ఇంకో పదకొండు రోజులు నేను పొద్దున పాలు పితికేశాక చీర కట్టుకుని వచ్చి ఆ గడప దగ్గర నిలబడ్డాను.